గోల్ఫ్ నేర్చుకోబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "దానికి ఇప్పుడు గోల్ఫ్ పిచ్చి పట్టిందక్కా" అంది. మీ ఆఫీసులో మేనేజర్లూ క్లయింట్లూ శనివారం పూట ఆడుతూ సగం సంగతులు అక్కడే మాట్లాడేసుకుంటున్నారట, నీకు సోమవారం దాకా ఏదీ తెలియడం లేదట, అందుకని మీ టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కోచ్‌ని చూసుకున్నావట. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మన ఇంట్లో ఆడపిల్లలకు ఇంటర్‌కి వచ్చేసరికే ఆటలు మాన్పించేసేవారు. నువ్వు ఉద్యోగంలో చేరాక మొదలుపెడుతున్నావు. పైగా నువ్వున్న ఊరు మామూలుది కాదు. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా, అంటే గోల్ఫ్ నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం వాళ్ళు, ఫ్లోరిడా నుంచి తమ ప్రధాన కార్యాలయాన్ని అక్కడికే మార్చుకున్నారు. 2027 పీజీఏ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీని కూడా అక్కడి ఫీల్డ్స్ రాంచ్ గోల్ఫ్ కోర్సులోనే పెట్టారు.

గర్వంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. ఆట గురించి కాదు, ఆట కోచ్ నేర్పుతాడు. అక్కడ నీ బ్యాగు మోసేవాళ్ళతో, నీకు నీళ్ళు అందించేవాళ్ళతో, బల్ల తుడిచేవాళ్ళతో ఎలా ఉండాలో, ఎవరికి ఎంత టిప్ ఇవ్వాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. టెక్సాస్‌లోనే ఇర్వింగ్‌లో నేను రెస్టారెంటులో సర్వర్‌గా చేశానని నీకు తెలుసు. అక్కడ ఏం చూశానో ఎప్పుడూ చెప్పలేదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి.

ముందు కోచ్ సంగతి. పీజీఏ ప్రొఫెషనల్‌కి పాఠం అయ్యాక టిప్ ఇచ్చే ఆనవాయితీ లేదు. ఆయన తీసుకునేది ఫీజు, ఆ ఫీజు ఆయనే చెప్తాడు. మీ అమ్మకు వీణ నేర్పిన మాస్టారి చేతిలో పాఠం అయిన ప్రతిసారీ పది రూపాయలు పెట్టామా? ఇదీ అంతే. మొదటిరోజే ఇరవై డాలర్ల నోటు మడిచి చేతిలో పెట్టకు, ఆయన ఇబ్బంది పడతాడు. నీకు నచ్చితే క్రిస్మస్ ముందు ఒక కార్డు రాసి దాంతో పాటు గిఫ్ట్ కార్డో, ఒక డజను బంతులో ఇవ్వు. నీ స్నేహితురాళ్ళను ఆయన దగ్గర చేర్పిస్తే ఇంకా సంతోషిస్తాడు. వీటన్నిటికంటే ముఖ్యం, టైముకి వెళ్ళడం, రాలేకపోతే ముందురోజే చెప్పడం. ఖాళీగా పోయిన గంటకు ఆయనకు డబ్బులు రావు. ఎవరైనా కుర్ర అసిస్టెంట్ కోచ్ నీకోసం రోజూ అరగంట ఎక్కువ ఉంటుంటే అది వేరు. అప్పుడు ప్రో షాపులో, అదే కోర్సులో ఉండే గోల్ఫ్ సామాన్ల కొట్లో, అడుగు, "ఇక్కడ టిప్ ఇవ్వొచ్చా?" అని. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంకొకటి, పెద్దమ్మని కాబట్టి చెప్తున్నా. గ్రిప్పు, అంటే కర్ర పట్టుకునే తీరు, సరిచేయాలన్నా, భుజం తిప్పాలన్నా మంచి కోచ్ ముందు అడిగి ముట్టుకుంటాడు. అడక్కపోతే నువ్వే చెప్పు, క్లబ్బుతో (గోల్ఫ్ కర్రని అలాగే అంటారు) చూపించండి చాలు అని. మొహమాటపడకు.

కోచ్ ఒక్కడే ఉండడు కదా అక్కడ. కారు ఆగగానే డిక్కీలోంచి బ్యాగు దించి కార్ట్‌కి కట్టే కుర్రాడుంటాడు, వాడికి రెండు నుంచి ఐదు డాలర్లు. ఆట అయ్యాక నీ గోల్ఫ్ కర్రలు శుభ్రంగా తుడిచి ఇచ్చేవాడికీ అంతే. కోర్సులో డ్రింకుల బండి తిప్పుతూ ఒక అమ్మాయి వస్తుంది. డ్రింకుకి ఒకటో రెండో డాలర్లు ఇవ్వాలి, ఎక్కువ తీసుకుంటే బిల్లులో ఇరవై శాతం. జూలైలో ఆ టెక్సాస్ ఎండలో ఆ పిల్ల రోజంతా తిరుగుతుంది. నువ్వు కూడా నీళ్ళు తాగుతూ ఉండు, దాహం వేసేదాకా ఆగకు. పెబుల్ బీచ్, బాండన్ డ్యూన్స్ లాంటి పెద్ద కోర్సులకు ఎప్పుడైనా తీసుకెళ్తే అక్కడ క్యాడీలు, అంటే ఆట పొడుగునా నీ బ్యాగు మోస్తూ వెంట నడిచేవాళ్ళు, ఉంటారు. క్యాడీ ఫీజు వేరు, టిప్ వేరు. ఎంత ఇస్తే బాగుంటుందో బుక్ చేసేటప్పుడే అడిగి నోట్లు జేబులో పెట్టుకో, చివరిదైన పద్దెనిమిదో హోల్ అయ్యాక చేతికివ్వు.

ఆ బండి అమ్మాయి దగ్గర మీ ఆఫీసు మగవాళ్ళు జోకులు వేస్తారు. ఆ పిల్ల నవ్వుతుంది. నవ్వకపోతే ఆ రోజు కూలి పోతుంది గనక నవ్వుతుంది. ఆ నవ్వు ఏంటో నాకు తెలుసు, ఆ రెస్టారెంటులో నేనూ నవ్వాను. నువ్వు వాళ్ళతో కలిసి నవ్వకు. ఆ అమ్మాయి కళ్ళలోకి చూసి థ్యాంక్స్ చెప్పి, నీ టిప్ నువ్వు ఇచ్చేసెయ్. క్లయింట్ ఏమనుకుంటాడో అన్న టెన్షన్ నీకు వద్దు.

ఇప్పుడు రెస్టారెంటు సంగతి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

అమెరికాలో టిప్పుల మీద బతికే పనివాళ్ళకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. మామూలు కనీస వేతనం ఏడుంపావు డాలర్లు, అది 2009 నుంచి కదల్లేదు. ఆ రెండింటి మధ్య తేడా టిప్పుల్లో రావాలి, రాకపోతే యజమాని పూడ్చాలి. చట్టం అలా చెప్తుంది గానీ, పూడ్చమని అడిగిన సర్వర్‌కి మర్నాటి నుంచి మంచి షిఫ్టులు పడవు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, నెవాడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. నువ్వున్నది టెక్సాస్.

ఒక శనివారం సాయంత్రం మనవాళ్ళే, ఇరవై మందికి పైగా, పుట్టినరోజని వచ్చారు. ఆరింటికి కూర్చుని పదకొండుకి లేచారు. టేబుళ్ళు నాలుగు కలిపాం. పిల్లలకు కారం తక్కువ, ముసలాయనకు ఉల్లిపాయ లేకుండా, ఇంకొకరికి వేడినీళ్ళు, మళ్ళీ వేడినీళ్ళు. తెలుగులో మాట్లాడుతున్నానని అందరూ ఆప్యాయంగా "అక్కా, అక్కా" అని పిలిచారు, నాకూ సంతోషంగానే ఉంది. బిల్లు 640 డాలర్లయింది. మా దగ్గర పెద్ద గుంపులకు టిప్ బిల్లులోనే వేసే పద్ధతి లేదు. పార్టీ ఇచ్చినాయన కార్డు గీసి, టిప్ రాసే చోట ఒక గీత పెట్టి, పక్కన పది డాలర్ల నోటు ఉంచాడు. వెళ్తూ వెళ్తూ, "చాలా బాగా చూసుకున్నావక్కా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. సర్వర్‌కి వచ్చిన టిప్ అంతా సర్వర్‌ది కాదు. ప్లేట్లు తీసేవాళ్ళకూ, బార్‌లో ఉన్నవాళ్ళకూ మేం పంచాలి. మా దగ్గర ఆ పంపకం, వచ్చిన టిప్‌ని బట్టి కాకుండా అమ్మకాన్ని బట్టి ఉండేది, నూటికి మూడు. అంటే 640 మీద 19 డాలర్లు. పది వచ్చింది, పంతొమ్మిది ఇచ్చాను. ఐదుగంటలు నిలబడి వడ్డించినందుకు మిగతా టేబుళ్ళ మీద వచ్చిన దాంట్లోంచి తొమ్మిది డాలర్లు ఎదురు పెట్టుకున్నాను.

డబ్బు పోతే పోయింది. మర్నాటి నుంచి మొదలైంది అసలు బాధ. తలుపు దగ్గర మన మొహాలు కనిపిస్తే చాలు, తోటి సర్వర్లు ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు, ఆ టేబుల్ నాకొద్దంటే నాకొద్దని. ఎవరికీ వద్దంటే మేనేజర్ నాకే వేసేవాడు, "మీవాళ్ళే కదా" అని. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. లోపల కూర్చున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళో, ఇక్కడికి రావడానికి ఎన్ని కష్టాలు పడ్డారో ఆ సర్వర్లకు తెలియదు కదా. వాళ్ళకు తెలిసింది బిల్లు మీద ఆ గీతే.

తర్వాత గుళ్ళో ఆయన కనిపించాడు. నాకు ఉండబట్టలేదు. ప్రసాదం తింటూ మెల్లగా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. హైదరాబాద్‌లో లాగా సర్వీస్ చార్జీ బిల్లులోనే ఉంటుందనుకున్నాడట, పది డాలర్లు దానిపైన సంతోషంగా ఇచ్చాడట. "ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలేదేంటక్కా?" అన్నాడు. అందుకే తల్లీ నీకు ఇంతింత రాస్తున్నా.

కాబట్టి కూర్చుని తినే చోట పద్దెనిమిది నుంచి ఇరవై శాతం. పన్ను కలపకముందున్న మొత్తం మీద లెక్కేసుకో, అది చాలు. ఆరుగురు అంతకంటే ఎక్కువమంది వెళ్తే బిల్లు కింద గ్రాట్యుటీ అని ముందే వేశారేమో చూడు, వేసి ఉంటే మళ్ళీ ఇవ్వక్కర్లేదు. వంట బాగాలేకపోతే మేనేజర్‌తో చెప్పు, సర్వర్ కూలి కోయకు. బిల్లు పంచుకునేటప్పుడు టిప్ కలిపి పంచుకోండి. ఒకళ్ళు నగదు పోగేసుకుని తన కార్డు గీసే చోట టిప్ మాయమవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ దేశంలో జీతం బదులు టిప్పుల మీద బతికే ఈ పద్ధతి ఎందుకుందని నేను కోప్పడేదాన్ని. నాతో పనిచేసిన ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడ, వాళ్ళ తాతగారు పుల్‌మన్ అనే కంపెనీ రైలు పెట్టెల్లో ప్రయాణికులకు పనులు చేసిపెట్టే పోర్టరని చెప్పింది. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక, బానిసత్వం నుంచి బయటపడ్డ మగవాళ్ళను ఆ కంపెనీ తక్కువ జీతానికి పెట్టుకుని మిగతాది ప్రయాణికుల టిప్పులకు వదిలేసింది. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నాయకుడి ఆధ్వర్యంలో ఆ పోర్టర్లు యూనియన్ పెట్టుకున్నారు, కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టడానికి 1937 దాకా పట్టింది. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. నచ్చలేదని మనం టిప్ మానేస్తే కంపెనీకి ఏమీ కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషికే నష్టం.

మిగతావి త్వరగా చెప్తాను. హోటల్ గదిలో రోజుకి మూడు నుంచి ఐదు డాలర్లు, ఏ రోజుది ఆ రోజే దిండు దగ్గర పెట్టు, పైన థ్యాంక్స్ అని చీటీ రాయి. చివరిరోజు ఒకేసారి పెడితే అన్నాళ్ళూ గది సర్దినావిడకు కాక, ఆ రోజు డ్యూటీలో ఉన్నావిడకు వెళ్తుంది. నీ కారు పార్క్ చేసి మళ్ళీ తెచ్చిచ్చే మనిషికి మూడు నుంచి ఐదు. జుట్టు కత్తిరించేచోట, టాక్సీలో పదిహేను నుంచి ఇరవై శాతం. ఇంటికి భోజనం తెచ్చేవాళ్ళకు, వాన పడుతుంటే ఇంకాస్త ఎక్కువ. కౌంటర్ దగ్గర కాఫీ కొంటే తెర తిప్పి ఇరవై, ఇరవై ఐదు శాతం టిప్ అని చూపిస్తారు, అక్కడ నీ ఇష్టం, నో టిప్ నొక్కినా తప్పు లేదు. పోస్ట్‌మ్యాన్‌కి నగదు ఇవ్వకూడదు, పండక్కి ఇరవై డాలర్ల లోపు వస్తువేదైనా ఇవ్వొచ్చు. పోలీసు కారు ఆపితే మాత్రం చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, డబ్బు ఊసెత్తకు. అది లంచం కిందికి వస్తుంది, నీ వీసాకే ముప్పు. ఇది తలుచుకుంటేనే నాకు రాత్రి నిద్ర పట్టదు.

ఎవరైనా మెంబర్ నిన్ను ప్రైవేట్ క్లబ్బుకి అతిథిగా తీసుకెళ్తే, ముందురోజే మెసేజ్ పెట్టి అడుగు. చాలా క్లబ్బుల్లో నగదు టిప్ తీసుకోనివ్వరు, మెంబర్లే ఏడాది చివర అందరికీ కలిపి ఇస్తారు. నువ్వు నోటు తీస్తే పాపం ఆ పనివాడే ఇరుక్కుంటాడు.

ఈ శుక్రవారం బ్యాంకుకి వెళ్ళి ఒంటి డాలర్లూ ఐదులూ తెచ్చుకుని గోల్ఫ్ బ్యాగు పక్క జేబులో పెట్టుకో. టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకు, నువ్వు ఎండకు ఇట్టే కమిలిపోతావు. పాఠం అయ్యాక ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ
కాకినాడ