40 వేలలో మనిషి కూర్చునేంత సైన్స్ ఫిక్షన్ బండి చేయొచ్చా? మేం చేశాం

వినాయక చవితి మండపం ముందు పెట్టడానికి ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి లాంటి బండి అసలు సైజులో చేయాలి, చేతిలో 40 వేలే ఉన్నాయి, అవుతుందా అని అడిగారు. అవుతుంది. కానీ బుజ్జి కొలతలు మాత్రం పట్టుకోకండి. దాని పొడవు 6,075 మిల్లీమీటర్లు, వెడల్పు 3,380, ఎత్తు 2,186. అడుగుల్లో చెప్పాలంటే ఇంచుమించు 20, 11, 7. ముందు మీ వీధి వెడల్పు కొలిచి చూడండి. పైగా అది కోయంబత్తూరులో ఇంజనీర్లు మోటార్లు, బ్యాటరీ పెట్టి నిజంగా నడిచేలా కట్టిన బండి. మీది నడవక్కర్లేదు, నిలబడితే చాలు. మనిషి ఎక్కి కూర్చుంటే నప్పిందంటే అదే ఫుల్ సైజు. ఆకారం మీరే గీసుకోండి.

షార్ట్ ఫిలిం కోసం గుంటూరులో మేం నలుగురం కలిసి ఒక్క సీటు బండి చేశాం. 13 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, మొత్తం ఖర్చు 36 వేలు. ఇనుము కొనకముందు డాబా మీద సుద్దముక్కతో అసలు సైజులో గీసి, మధ్యలో స్టూలేసి ఒకణ్ణి కూర్చోబెట్టాం. కాగితం మీద బ్రహ్మాండంగా కనిపించిన ముక్కు అక్కడ చూస్తే పడవలా ఉంది, వెంటనే రెండడుగులు తగ్గించాం. ఈ పనికి పైసా ఖర్చు లేదు, తప్పకుండా చేయండి.

డబ్బులో సగం ఫ్రేముకే పోనివ్వండి. మేం అంగుళం చదరపు ఇనప పైపు, 16 గేజ్ మందంది వాడాం. 20 అడుగుల పైపు ఏడు కిలోల దాకా తూగుతుంది, మాకు పద్నాలుగు పట్టాయి, అంటే వంద కిలోలు. మొదటిసారి వెల్డింగ్ చేయించి తోక దగ్గర చెయ్యేసి నెడితే పాత నులకమంచంలా మొత్తం ఊగింది. ఇంకా పైపులు కొనాలేమో అని మాకు టెన్షన్. అప్పుడు మా మామయ్య వచ్చి చూశాడు. ఆయన ఏటా శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ, అంటే కర్రలతో ఎత్తుగా లేపే కట్టడం, కట్టే మనిషి. “చతురం ఊగుద్దిరా అల్లుడూ, మూల నుంచి మూలకి ఒక బద్ద వెయ్యి, ఊగదు” అన్నాడు. మిగిలిపోయిన తుంటలే ఏటవాలుగా ఆరు చోట్ల వేయించాం, అంతే, బిగిసిపోయింది. ఇంత ఎత్తున కర్రలు కట్టి ఊళ్ళు దాటించి తీసుకెళ్ళేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు, మీ ఊళ్ళోనూ సెట్టింగులు వేసే పెద్దవాళ్ళు ఉంటారు, ముందు వాళ్ళనే అడగండి.

ఫ్రేము ఒకే ముక్కగా చేయించకండి. మాది మూడు ముక్కలు, నట్లూ బోల్టులతో కలిపేలా. వీటిని మోసుకెళ్ళే టాటా ఏస్ ట్రాలీ పొడవు 7 అడుగులు, వెడల్పు అయిదు లోపే, ఏ ముక్కయినా అందులో నిలువుగానో అడ్డంగానో పట్టాలి.

పైతొడుగు థర్మోకోల్‌తో చేశాం, ఇక్కడే దెబ్బ తిన్నాం. రెండు రోజులు కూర్చుని చెక్కిన ముక్కు భాగం మీద నేనే తొందరపడి స్ప్రే క్యాన్ కొట్టాను. చిటపటమని సన్నటి చప్పుడు, తెల్లటి గింజలు ఒక్కొక్కటీ కరిగి లోపలికి కుంగిపోయాయి, నిమిషంలో ముక్కంతా మశూచి మచ్చల్లా గుంటలు. స్ప్రేలోని థిన్నర్ థర్మోకోల్‌ని తినేస్తుంది. పెట్రోల్ తగిలినా ఇంతే. అందుకని ఫెవికాల్ నీళ్ళలో కలిపి పాత కాటన్ గుడ్డ రెండు పొరలు అతికించండి, పూర్తిగా ఆరాక కాస్త ఫెవికాల్ కలిపిన వాల్ పుట్టీ పల్చగా పూసి, గరుకు కాగితంతో రుద్ది, నీళ్ళలో కలిసే రంగే వేయండి. నల్ల రంగు పల్చగా చేసి పూసి, ఆరేలోపు గుడ్డతో తుడిస్తే సందుల్లో మాత్రం నలుపు నిలుస్తుంది, అప్పుడు థర్మోకోల్ కాస్తా అరిగిన ఇనుములా కనిపిస్తుంది.

చక్రాలు ప్లైవుడ్ బిళ్ళలు, చుట్టూ ఫోమ్ షీటు. బరువు మోసేది అడుగున కనిపించని చిన్న చక్రాలే, అవి 6 అంగుళాలకు తగ్గితే మట్టిలో కూరుకుపోతాయి.

జనం చూసేది మాత్రం సీటు ముందు భాగం. మాకు పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన పాడైన ప్రింటర్లు, స్కూటర్ మీటర్లు, కంప్యూటర్ ఫ్యాన్లు దొరికాయి. ఆ బటన్ల వెనక చిన్న లైటు వెలిగేసరికి మా కెమెరామన్ తానే వెళ్ళి కూర్చున్నాడు. లైట్లన్నీ 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పే వాడండి. మీటరుకు 5 వాట్ల రకమైతే అయిదు మీటర్లకు 2 ఆంపియర్లు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ మీద మూడు గంటల దాకా వెలుగుతుంది. ఇనప ఫ్రేములోకి కరెంటు లైను మాత్రం లాగకండి, చవితి నాటికి వానలుంటాయి. థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి హారతి, దీపాలు, టపాసులు దూరంగా ఉండేలా చుట్టూ తాడు కట్టండి.

సీటు కింద మాత్రం రెండు పైపులు ఎక్కువే వేయించండి. షూటింగ్ అయ్యాక మా బండి వీధిలో పెడితే, ఒక్కడు కూర్చునే చోట అయిదుగురు పిల్లలు ఎక్కేశారు.