రైలు ఎక్కనివాళ్లు వేసిన రైలు బొమ్మ

ప్రశ్న: మా మామయ్య ఇంట్లో ఫ్రేము కట్టించిన పాత జపాన్ బొమ్మ ఉంది. దాంట్లో దొరలు, గౌన్లు వేసుకున్న దొరసానులు, పొగ వదులుతున్న రైలు ఉన్నాయి. ఇది జపాన్ వాళ్లే వేశారా? మన కాళహస్తి కలంకారీలా చేత్తో వేసిందా? అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వాళ్లే వేశారమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి యొకొహామా బొమ్మల్లో ఒకటి అనిపిస్తోంది, నాకు చాలా ఇష్టమైనవి ఇవి. రెండు వందల ఏళ్లకు పైగా జపాన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న యూరప్ వాళ్లంటే నాగసాకి దగ్గర చిన్న దీవిలో ఉండే డచ్ వర్తకులే. 1859లో యొకొహామా రేవు తెరవగానే దొరలు ఏం తింటారు, వాళ్ల ఆడవాళ్లు గుర్రం మీద ఎలా కూర్చుంటారు, కుట్టుమిషన్ ఎలా నడుస్తుంది అని ఈదో (ఇప్పటి టోక్యో) జనానికి ఒకటే ఆత్రం, దాంతో 1860, 61లలో ఈ బొమ్మలు విపరీతంగా అచ్చయ్యాయి. సదాహిదె అనే చిత్రకారుడు రేవును, ఓడలను చాలా వివరంగా వేశాడు. చాలామంది మాత్రం అమెరికా, లండన్ చూడకుండా, విదేశీ పత్రికల్లోని బొమ్మలు ముందు పెట్టుకుని మిగతాది ఊహించి వేశారు.

రైలు సంగతి ఇంకా బాగుంటుంది. 1854లో అమెరికా నౌకాధికారి పెర్రీ అసలు ఇంజనులో నాలుగో వంతు సైజుది తెచ్చి యొకొహామాలో గుండ్రటి పట్టాల మీద నడిపించాడు, లోపల మనిషి పట్టడు గనక ఒక జపాన్ అధికారి పెట్టె కప్పు మీద కూర్చుని తిరిగాడు. యోషికజు అనే ఇంకో చిత్రకారుడు అమెరికా రైలు బొమ్మ వేసింది 1861లో. జపాన్‌లో నిజం రైలు మొదలైంది 1872లో! అందుకే ఇలాంటి బొమ్మల్లో చక్రాలో, గొట్టమో వింతగా కనిపిస్తే చిత్రకారుణ్ని తప్పు పట్టకండి, చూడని యంత్రాన్ని అంత శ్రద్ధగా ఊహించడం చిన్న పని కాదు.

ఇక కలంకారీలా కలంతో వేసింది కాదు, చెక్క అచ్చు. చిత్రకారుడు గీసిన కాగితాన్ని చెర్రీ చెక్కకు బోర్లా అంటించి ఇంకొకరు చెక్కుతారు, రంగు రంగుకీ వేరే అచ్చు, అద్దేవాడు మరొకడు.

అసలుదో కాదో చూడాలంటే ఫ్రేము విప్పించి వెనక చూడండి. చేత్తో రుద్ది అద్దినదైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది. భూతద్దంలో సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే మిషన్ మీద అచ్చయిన కాపీయే. అయితే తర్వాతి కాలంలో చెక్కతోనే అద్దిన కాపీలూ ఉన్నాయి, కాబట్టి డబ్బు మాట వస్తే మ్యూజియం వాళ్లకు చూపించాకే మాట్లాడండి. ఈలోగా ఎండ తగిలే గోడకు మాత్రం పెట్టొద్దు, ఆ రంగులు తొందరగా వెలిసిపోతాయి.