నల్ల సీసా కొనబోతున్న అల్లుడికి

అల్లుడూ,

మొదటి జీతంతో పాతకాలపు డ్రాకర్ నోయిర్ సెంటు సీసా కొంటున్నావని, అది కొట్టుకునే ఆఫీసుకు పోతానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. నీ ఈడు పిల్లలు కొత్త ఫోన్ కొంటారు, నువ్వు మీ నాన్న వాసన వెతుక్కుంటున్నావు. ముచ్చటేసింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

కొనే జాగ్రత్తలు నీకు తెలిసినవే. సీసా మీద, డబ్బా మీద బ్యాచ్ కోడ్ ఒకటే ఉండాలి. నల్ల సీసాలో ఎంత మిగిలిందో కనబడదు కాబట్టి కాంటా మీద పెట్టి ఫొటో పంపమని అమ్మేవాణ్ణి అడుగు. ఇంటికొచ్చాక బీరువాలో పెట్టు, బాత్రూంలో కాదు.

ఈ సెంటు 1982లో గీ లారోష్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీ పేరుతో వచ్చింది, చేసినవాడు పియెర్ వార్నీ. కొట్టగానే నిమ్మ, లావెండర్, అప్పుడే ఉతికిన బట్టల వాసన. ఆ ఉతికిన వాసన డైహైడ్రోమిర్సెనాల్ అనే రసాయనానిది, దాదాపు పది శాతం పోశాడంటారు. కాసేపటికి తోలు, ఆ కింద ఓక్‌మాస్ తేలతాయి. ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ అది. మన బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. ఆ తడి అడవి చేదులోనే దాని పొగరంతా ఉంది. అందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చర్మానికి అలర్జీ తెస్తాయని ఐరోపా సమాఖ్య నిషేధించింది. 2021 ఆగస్టు నుంచి అవి ఉన్న సరుకు అక్కడ అమ్మకూడదు. నీ పాత సీసాలో అవి ఉండొచ్చు. ముందు మోచేతి మడతలో చుక్క వేసి రెండు మూడు రోజులు చూడు. కొట్టగానే నెయిల్ పాలిష్ కంపు వస్తే పారేయకు, పాతబడితే పైనున్న నిమ్మ వాసనే ముందు పోతుంది. పది నిమిషాలు ఆగు.

ఇక అసలు సంగతి. మీ నాన్న కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బేగంపేట విమానాశ్రయానికి మేమంతా వెళ్లాం, అమ్మమ్మతో సహా. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చాడంటే వాసన ముందు రావాలి, మనిషి వెనక రావాలి. బావ విమానంలో ఒకసారి కొట్టుకున్నాడట, దిగాక బాత్రూంలో ఇంకోసారి. జోరున వాన, అంబాసిడర్ అద్దాలన్నీ ఎత్తేశాం. శామీర్‌పేట దాటాక చొక్కా వాసన చూసుకుని "పోయినట్టుంది" అంటూ మళ్లీ సీసా తీశాడు. పోలేదురా! ముక్కుకు అలవాటైన వాసన కాసేపటికి ముక్కుకే తెలియదు. పక్కవాళ్లకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. సిద్దిపేట చేరేలోపు అమ్మమ్మకు ఆయాసం ఎగదన్నింది. వానలోనే కారు ఆపి దించాం. రోడ్డు పక్కన కూర్చుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అల్లుడు ఏమనుకుంటాడో, ఏమీ అనకండి" అంటోంది, అదీ ఊపిరి అందక. బావ ఆ చొక్కా విప్పి డిక్కీలో పడేశాడు. జగిత్యాల దాకా బనియన్ మీదే వచ్చాడు. తర్వాత ఆ సీసాను పెళ్లిళ్లకు తప్ప ముట్టలేదు. నువ్వు చిన్నప్పుడు బీరువా తలుపు తీసి వాసన చూసింది ఆ సీసానే.

అందుకే నీ ఆఫీసు అంటే నాకు భయం. ఏసీ గది, కిటికీలు తెరుచుకోవు, లిఫ్టులో పదిమంది. వాళ్లలో ఆయాసం ఎవరికుందో, తలనొప్పి ఎవరికుందో నీకెలా తెలుస్తుంది? ఒక్కసారి కొట్టు, చొక్కా లోపల ఛాతీ మీద, బయలుదేరే అరగంట ముందు. వాసన పోయిందనిపిస్తే సీసా ముట్టకు, పక్క సీటు వాళ్లను అడుగు. సీసాను బ్యాగులో వేసుకుని ఆఫీసుకు మోసుకెళ్లావో, నేనే వచ్చి లాక్కుంటా.

పార్సిల్ రాగానే నాకు ఫోన్ చెయ్యి. బావకు మాత్రం ముందే చెప్పకు. దసరాకు ఊరికి తీసుకురా, ఆరుబయట నిలబెట్టి నువ్వే ఆయన చొక్కాకు కొట్టు. ఏమంటాడో నాకు చూడాలనుంది.

మీ మామ