మీ ఇంటి కెమెరా ఎవరి నంబరు మీద ఉంది?

ప్రశ్న: మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని హారిసన్ ఫోర్డ్ నటించిన ‘ఫైర్‌వాల్’ చూశాం. అందులో హీరో ఫ్యాక్స్ మిషన్‌లోని స్కానర్ ముక్కను కూతురి మ్యూజిక్ ప్లేయర్‌కి తగిలించి, బ్యాంకు స్క్రీన్ మీది ఖాతా నంబర్లు లాగేస్తాడు. నిజంగా అలా కుదురుతుందా? మా ఇంట్లో నాలుగు వైఫై కెమెరాలు పెట్టించాం. ఇక టెన్షన్ లేదనుకోవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కుదరదు. ఆ కాలపు మ్యూజిక్ ప్లేయర్ కంప్యూటర్ పంపింది దాచుకునే చిన్న డిస్కు. స్కానర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను తనంతట తాను బొమ్మగా మార్చుకునే ప్రోగ్రామ్ అందులో లేదు. 2006 నాటి ఆ సినిమా మర్నాటికి గుర్తుండేది కాదు. అయినా హ్యాకింగ్ సినిమా ఏది ఓటీటీలోకి వచ్చినా నాకు ఇవే ఉత్తరాలు. అందరూ పరికరం గురించే అడుగుతారు. బందీలైన కుటుంబం గురించి ఎవరూ అడగరు.

అసలు సంగతి అక్కడే ఉంది. సినిమాలో హీరో అమెరికాలోని ఒక సియాటిల్ బ్యాంకులో కంప్యూటర్ భద్రత చూసే అధికారి. ఆయన భార్యాపిల్లల్ని దొంగలు ఇంట్లోనే నిర్బంధించి, ఆయన కట్టిన భద్రతా గోడను ఆయన చేతే దాటిస్తారు. ఇలాంటిది నిజంగానే జరిగింది. 2004 డిసెంబరులో, ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్ నగరంలోని నార్తర్న్ బ్యాంకు ఉద్యోగులు ఇద్దరి ఇళ్లకు ఆదివారం రాత్రి ఒక ముఠా వెళ్లింది. ఇంట్లోవాళ్లను పట్టుకుని, సోమవారం ఏమీ ఎరగనట్టు డ్యూటీకి వెళ్లమన్నారు. ఆ సాయంత్రం దాదాపు 2.65 కోట్ల పౌండ్లు పోయాయి. తాళాలున్నవాళ్లే తలుపు తీశారు, తీయక ఏం చేస్తారు? ఆ తర్వాత బ్యాంకు తన నోట్లు వెనక్కి తీసుకుని కొత్తవి అచ్చు వేయించాల్సి వచ్చింది.

ఇక మీ కెమెరాలు. సినిమాలో దొంగలు కెమెరాలు తామే తెచ్చుకున్నారు. మనం మాత్రం కొని, కూలి ఇచ్చి మరీ బిగించుకుంటున్నాం. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఏమిటంటే, బిగించడానికి వచ్చిన అబ్బాయి పని తొందరగా తేలుతుందని తన ఫోన్ నంబరుతోనే అకౌంట్ తెరుస్తాడు. మీకు ‘షేర్’ చేసి వెళ్లిపోతాడు. యాప్‌లో మీ హాలు మీకు కనిపిస్తుంది కాబట్టి కెమెరా మీదే అనుకుంటారు. నిజానికి దాని యజమాని అతను. మీరు ఎప్పుడు నిద్రపోతారో, పిల్లలు ఎన్నింటికి బడి నుంచి వస్తారో, ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఎవరుంటారో అతని ఫోన్‌లో ఉంటుంది. అతను మంచివాడే కావచ్చు. ఆ ఫోన్ ఇంకొకరి చేతిలో పడితే?

తయారీదారుల మీద నాకు కోపం ఇందుకే. యజమాని ఎవరో మొదటి స్క్రీన్ మీదే పెద్ద అక్షరాల్లో ఎందుకు చూపరు? 2016లో మిరాయ్ అనే వైరస్ అరవై చిల్లర మామూలు యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షల కెమెరాలను, రూటర్లను వశం చేసుకుంది. కంపెనీ ముందే పెట్టి ఇచ్చే, ఊహించడానికి తేలికైన డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లను 2024లో బ్రిటన్ చట్టం పెట్టి మరీ ఆపాల్సి వచ్చింది. తయారీదారులు ఆ పని ముందే చేయవచ్చు కదా!

బ్యాంకు యాప్‌లదీ ఇదే నిర్లక్ష్యం. పోలీసులమంటూ ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవాళ్లు గడప తొక్కకుండానే ఇంటి పెద్దను గంటల తరబడి వీడియో కాల్‌లో బందీ చేస్తున్నారు. ఓటీపీ ఆయనే కొడతాడు, వేలిముద్రా ఆయనదే. ‘నన్ను బెదిరిస్తున్నారు’ అని గుట్టుగా తెలియజేసే పిన్ ఒకటి ప్రతి యాప్‌లోనూ ఉండాలి. వయసు మళ్లినవారి ఖాతా నుంచి పెద్ద మొత్తం కొత్త ఖాతాకు వెళ్తుంటే కొన్ని గంటలైనా ఆపాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ దొరకదు.

మీరు ఈ రాత్రే కెమెరా యాప్ తెరిచి, పరికరం ఎవరి నంబరు మీద ఉందో చూడండి. మీది కాకపోతే ఆ అబ్బాయికి ఫోన్ చేసి అతని అకౌంట్ నుంచి తీయించండి. తర్వాత కెమెరాను రీసెట్ చేసి మీ నంబరుతో నమోదు చేసుకుని, పాస్‌వర్డ్ మార్చండి. పడగ్గదిలో ఏదైనా ఉంటే దాన్ని పీకేయండి.