కార్డ్‌లెస్ చేతి వాక్యూమ్ కొనేముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంటికి చిన్న కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ కొనాలనుకుంటున్నావనీ, నాలుగైదు మోడళ్ల వివరాలు పక్కపక్కన పెట్టుకుని చూసినా ఏదీ తేలడం లేదనీ రాశావు. ఆ వివరాల్లో పెద్ద అక్షరాలతో వేసేవి ఒక రకం, కొన్నాక మనల్ని ఇబ్బంది పెట్టేవి మరో రకం కాబట్టి తేలకపోవడం సహజమే. ఎన్నో ఏళ్లుగా ఇంటి యంత్రాలు విప్పి బాగుచేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ చేతి వాక్యూమ్‌లలో మోటారు కాలిపోయి నా బల్ల మీదికి వచ్చేవి తక్కువ. ఫిల్టర్ పూడుకుపోయినవీ, బ్యాటరీ సత్తువ ఉడిగినవీ ఎక్కువ. అందువల్ల ఎంత గట్టిగా లాగుతుందన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ఫిల్టర్‌ను ఎంత సులువుగా శుభ్రం చేయవచ్చు, బ్యాటరీ చచ్చిననాడు కొత్తది వేయవచ్చా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టు.

ఈ యంత్రం దేనికోసమో కూడా ముందే స్పష్టం చేసుకోవాలి. బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1979లో డస్ట్‌బస్టర్ పేరుతో ఇలాంటిదాన్ని మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచీ దీని పని పెద్దగా మారలేదు. బల్ల మీద రాలిన పొడి, సోఫా సందుల్లో చిక్కిన తుక్కు, మెట్ల మూలలు, కారు సీట్ల కింద ఇసుక, ఇలా పెద్ద యంత్రాన్ని బయటికి తీయాల్సినంత పని కానివాటికి ఇది ఉపయోగపడుతుంది. ఇల్లంతా దీనితోనే ఊడ్చేయవచ్చనుకుంటే మాత్రం నిరాశపడతావు. నీ ఇంట్లో రోజూ ఎక్కడ ఏ రకం చెత్త పడుతుందో ఒక వారం గమనించు. వెంట్రుకలు ఎక్కువా, ఇసుక ఎక్కువా, మెత్తటి పొడి ఎక్కువా అన్నది తెలిస్తే సగం మోడళ్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఇక లాగే శక్తి సంగతి. పెట్టె మీద కిలోపాస్కళ్లలో వేసే అంకె, నాజిల్‌ను (గాలిని లాగే మూతిని) పూర్తిగా మూసేసి, గాలి ప్రవాహమే లేనప్పుడు కొలిచిన పీడన వ్యత్యాసం. చెత్తను మోసుకెళ్లేది కదిలే గాలి. పీడనం ఎక్కువగా ఉండి ప్రవాహం తక్కువైతే సన్నటి సందులో దుమ్ము లాగుతుందేమో గాని, వెడల్పాటి నాజిల్ తగిలించగానే చతికిలపడుతుంది. పీడనాన్నీ ప్రవాహాన్నీ కలిపి చెప్పే కొలత ఎయిర్ వాట్. అది ఇచ్చిన తయారీదారు కాస్త నిజాయితీగా ఉన్నట్టే లెక్క. ఉత్త వాట్లు మాత్రం మోటారు తినే కరెంటును చెబుతాయే తప్ప అది చేసే పనిని చెప్పవు. ఇంకొక సంగతి: 9 కిలోపాస్కళ్లు అన్నా 9,000 పాస్కళ్లు అన్నా ఒకటే, అంకె పెద్దగా కనిపించాలని రెండోది వేస్తారు. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనమే సుమారు 1,01,325 పాస్కళ్లు. ఏ వాక్యూమ్ యంత్రమూ అంతకు మించి లాగలేదు. కాబట్టి 1,20,000 పాస్కళ్లు అని రాసిన సరుకు కనిపిస్తే, ఆ పేజీలో మిగతా వివరాలు చదివే శ్రమ కూడా పెట్టుకోకు.

బ్యాటరీ గురించి కొంచెం ఓపికగా చదువు, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మిల్లీ ఆంపియర్ అవర్ల (mAh) అంకె ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు. దానిని వోల్టులతో గుణిస్తేనే లోపల ఉన్న శక్తి తెలుస్తుంది. 7.4 వోల్టులు, 2,000 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 2 ఆంపియర్ అవర్లు అని ఉంటే, మొత్తం 14.8 వాట్ అవర్లు. అదే యంత్రం మోటారు 120 వాట్లు అని కూడా రాసి ఉందనుకో, పూర్తి వేగంతో అది నడిచేది ఏడు నిమిషాల పైచిలుకు మాత్రమే. పక్కనే 30 నిమిషాలు నడుస్తుందని రాసి ఉంటే, అది అబద్ధం కాకపోవచ్చు. సుమారు 30 వాట్లతో, అంటే నాలుగో వంతు బలంతో నడిపినప్పటి మాట అయి ఉంటుంది. నీకు కావలసింది పూర్తి వేగంలో ఎన్ని నిమిషాలన్నది. పైగా మోటారుతో తిరిగే బ్రష్ తగిలిస్తే ఆ సమయం ఇంకా తగ్గుతుంది.

ఇందులోనే మరొక కిటుకు ఉంది. ఈ బ్యాటరీల్లో లిథియం అయాన్ సెల్స్ ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 3.6 లేదా 3.7 వోల్టులు. మూడింటిని వరుసగా కలిపితే వోల్టులు కలుస్తాయి గాని ఆంపియర్ అవర్లు కలవవు. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ మూడు కలిపి 11.1 వోల్టుల బ్యాటరీ చేస్తే అది ఇంకా 2,000దే, లోపలి శక్తి 22.2 వాట్ అవర్లు. కొందరు అమ్మకందారులు మూడింటినీ కూడి 6,000 అని వేస్తారు. వాట్ అవర్లు నేరుగా రాసి ఉంటే దాన్నే నమ్ముకో. బ్యాటరీ మీద అచ్చువేసిన చిన్న లేబుల్‌లో ఆ అంకె తరచుగా ఉంటుంది.

లిథియం బ్యాటరీ ఎంత మంచిదైనా కొన్ని వందల ఛార్జింగుల తర్వాత బలం తగ్గడం ఖాయం. అప్పుడు ఏమి చేయగలవన్నది కొనేరోజే తేలాలి. మీట నొక్కితే బయటికి వచ్చే బ్యాటరీ అన్నిటికన్నా మేలు. స్క్రూలు తీస్తే వచ్చేదైనా ఫరవాలేదు, నాలాంటివాడు మారుస్తాడు. రెండు ప్లాస్టిక్ ముక్కలు అతికించి, విప్పితే పగిలేలా చేసినదాన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు. బ్యాటరీతోపాటు అదీ చెత్తలోకి పోతుంది. ఆ మోడల్‌కు బ్యాటరీ విడిగా అమ్ముతున్నారా అని వెతికి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ఛార్జర్ విషయంలో టైప్‌-సి పిన్ను ఉంటే సౌకర్యం, ఎందుకంటే ప్రత్యేకమైన ఛార్జర్ పోతే మళ్లీ దొరకడం కష్టం.

ఇప్పుడు ఫిల్టర్. చెత్త పడే డబ్బా ఖాళీగా, ఫిల్టర్ కొత్తగా ఉంటే ఏ యంత్రమైనా బాగానే లాగుతుంది. డబ్బా సగం నిండాక ఎలా ఉంటుందన్నదే అసలు సంగతి. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. వాక్యూమ్ క్లీనర్ల విద్యుత్ లేబుల్‌కు సంబంధించిన నిబంధనను యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు 2018 నవంబరులో కొట్టివేసింది. ఖాళీ డబ్బాతో చేసే పరీక్ష ఇంట్లో నిజంగా వాడే పరిస్థితికి దగ్గరగా ఉండదన్నది వాక్యూమ్ యంత్రాలు తయారుచేసే డైసన్ సంస్థ వేసిన ఆ కేసులో కీలకాంశం. ఆ లేబుల్ బ్యాటరీ యంత్రాలకు వర్తించేది కాదు గాని, తర్కం వాటికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే వీటి డబ్బాలూ ఫిల్టర్లూ మరీ చిన్నవి.

దుకాణంలో చేతికిస్తే ఇలా చేయి. స్విచ్ వేసి నాజిల్‌ను అరచేత్తో ఒక్క క్షణం మూయి. మోటారు శబ్దం ఒక్కసారిగా సన్నగా, పైస్థాయికి పోతుంది. గాలి ఆగిపోవడంతో పంకాకు పని తగ్గి, మోటారు ఇంకా వేగంగా తిరగడమే దానికి కారణం. ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకో. ఇంట్లో నాజిల్ తెరిచి ఉండగానే అలాంటి కీచుగొంతు వినిపిస్తే లోపల ఎక్కడో పూడుకుపోయిందన్నమాట. మోటారును చల్లబరిచేది చాలా యంత్రాల్లో ఆ లాగిన గాలే కాబట్టి, అలాగే నడుపుతూ పోతే వేడెక్కుతుంది.

తర్వాత డబ్బా విప్పమని అడుగు. మూత తెరవగానే చెత్త కింద పడిపోవాలి. వేళ్లు పెట్టి గోకాల్సి వస్తే, వారం తిరగకుండానే నీకు ఆ పని మీద విరక్తి పుడుతుంది. ఫిల్టర్‌కు ముందు సన్నటి జల్లెడో, గాలిని సుడి తిప్పి బరువైన చెత్తను పక్కకు విసిరే సైక్లోన్ ఏర్పాటో ఉంటే ఫిల్టర్ నెమ్మదిగా పూడుతుంది. కడగదగిన ఫిల్టర్ అయితే మంచిదే, కాని కడిగాక పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. తడి ఫిల్టర్ పెట్టి నడిపితే దుమ్ము బురదలా అంటుకుని దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. అందుకే యంత్రంతోపాటే అదనపు ఫిల్టర్ ఒకటి కొనుక్కోమంటాను.

మరీ సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టర్‌ను హెపా అంటారు, కాని ఆ మాట చూసి మురిసిపోవద్దు. ఐరోపా ప్రమాణంలో హెచ్13 తరగతి అంటే, పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతాన్ని ఆపాలి. హెపా తరహా, హెపా లాంటి అన్న మాటలకు అలాంటి కొలత ఏదీ లేదు. నిజమైన హెపా ఉన్నా, దాని చుట్టూ రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే దుమ్ము పక్కనుంచి తప్పించుకుంటుంది. యంత్రం నడుస్తుండగా గాలి బయటికి వచ్చే చోట చెయ్యి పెట్టి, దుమ్ము వాసన వస్తుందేమో చూడు. ఇంట్లో ఆయాసం ఉన్నవారో దుమ్ము పడనివారో ఉంటే డబ్బాను ఎప్పుడూ ఆరుబయటే ఖాళీ చేయాలి.

బరువును కాగితం మీద గ్రాముల్లో కాక మణికట్టుతో కొలవాలి. కిలో బరువైనా చేతిపిడి దగ్గర బ్యాటరీ ఉంటే తేలికగా అనిపిస్తుంది, ముందుకు బరువు తూగితే ముప్పావు కిలోది కూడా రెండు నిమిషాల్లో నొప్పి పుట్టిస్తుంది. మీట నొక్కిపట్టుకుంటేనే నడిచే రకం బ్యాటరీని ఆదా చేస్తుంది, కాని మీ అత్తగారు కూడా వాడతారు కాబట్టి, వేళ్ల నొప్పులున్నవారికి ఒకసారి నొక్కితే నడిచే స్విచ్ ఉన్నదే నయం. శబ్దం ఎలాగూ ఉంటుంది, దాని గురించి ఎక్కువ ఆలోచించకు. ఉపకరణాల్లో సన్నటి సందు నాజిల్, మెత్తటి కుచ్చు బ్రష్ ఉంటే చాలు; పెంపుడు జంతువుల వెంట్రుకలు సోఫాకు అంటుకునే ఇళ్లకు మాత్రమే తిరిగే బ్రష్ అవసరం. పెట్టెలో ఎనిమిది రకాల ముక్కలు ఇస్తే అందులో ఆరు సొరుగులోనే ఉండిపోతాయి.

కొన్నాక పాటించాల్సినవి కొన్నే. నీళ్లు కూడా లాగుతుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప తడి దగ్గరికి తీసుకెళ్లకు. వేడి బూడిద, నిప్పురవ్వ, మండే ద్రవాలు తగిలిన దుమ్ము, గాజుపెంకులు దీనితో ఎత్తకు. గోడలు గీకినప్పుడు రాలే సున్నంపొడి, సిమెంటు పొడి ఫిల్టర్‌ను నిమిషాల్లో మూసేస్తాయి. వాడిన వెంటనే వేడి మీదున్న బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకుండా చల్లారనివ్వు. నెలల తరబడి ఊరికెళ్లాల్సి వస్తే సగం ఛార్జింగ్‌తో, చల్లటి చోట పెట్టి వెళ్లు. బిల్లుతోపాటు బ్యాటరీ మోడల్ నంబరునూ ఫిల్టర్ నంబరునూ ఫోటో తీసి ఉంచు, విడిభాగాల కోసం వెతికే రోజున అవి ఉంటే పని సులువవుతుంది. చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగిపోతే, వాటి బ్యాటరీ లేబుళ్ల ఫోటోలు నాకు పంపు, వాట్ అవర్ల లెక్క నేను చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య