ఎండ కోసం వాలెన్సియా: వీసా నుంచి మాడు చెక్క దాకా

"అక్కా, మేము మాంచెస్టర్ వచ్చి ఎనిమిది నెలలైంది. చీకటి, వాన చూసి చూసి విసుగొచ్చింది. మే నెలాఖరు స్కూలు సెలవుల్లో ఎండ ఉన్న సముద్రతీరానికి నాలుగు రోజులు వెళ్దామనుకుంటున్నాం. వాలెన్సియాకి టికెట్లు చవగ్గా కనిపిస్తున్నాయి. పాపకి ఐదేళ్ళు. విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తమామలు కూడా మాతో వస్తారు. మామయ్యగారు పూర్తి శాకాహారి. ఏం చూడాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి?"

మంచి ఊరు ఎంచుకున్నారమ్మా. నేను ఇంగ్లండ్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, వాలెన్సియా ఇప్పటికి మూడుసార్లు చూశాను. అయినా టికెట్లు కొనేముందు ఒక్క నిమిషం ఆగండి.

ముందు అత్తమామల సంగతి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి స్పెయిన్ వెళ్ళాలంటే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి. యూకే వీసా దానికి పనికిరాదు. ఆ షెంగెన్ వీసాకి మామూలుగా మనం ఏ దేశంలో నివాసం ఉంటున్నామో అక్కడే అప్లై చేయాలి. మీరిద్దరూ వర్క్ వీసా మీద ఇక్కడ ఉంటున్నారు కాబట్టి ఇక్కడ చేసుకోవచ్చు. అత్తమామలు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, వాళ్ళ నివాసం ఇండియా. గట్టి కారణం చూపిస్తే తప్ప వాళ్ళ అప్లికేషన్ ఇక్కడ తీసుకోరు. ఈ విషయం తెలియక టికెట్లు, హోటలు అన్నీ బుక్ చేసి, తర్వాత పెద్దవాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళలేక ట్రిప్పే మానుకున్నవాళ్ళని నేను చూశాను. మా అమ్మ వచ్చినప్పుడు ఇండియాలోనే షెంగెన్ కూడా వేయించుకుని వచ్చింది. మీ అత్తమామలకి ఆ వీసా లేకపోతే, వాళ్ళు ఉన్నన్నాళ్ళూ స్కాట్లండ్, వేల్స్ తిప్పండి. వాలెన్సియా వచ్చేసారికి పెట్టుకోండి.

ఇక మీ ముగ్గురి సంగతి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలన్నది రూలు, కానీ ఆ రూలు నమ్ముకుని కూర్చోకండి. వేసవి దగ్గరపడితే అపాయింట్‌మెంట్లే దొరకవు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళు నిండని పిల్లలకి లేదు. అప్లికేషన్లు తీసుకునే వీసా సెంటరు వాళ్ళ సర్వీసు చార్జీ విడిగా ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకి సరిపోయేలా ఉండాలి. మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్ట్ ఇంకో మూడు నెలలు చెల్లాలి, తీసుకుని పదేళ్ళు దాటి ఉండకూడదు. మీ యూకే వీసాకి కూడా తిరిగొచ్చాక మూడు నెలల గడువు మిగిలి ఉండాలని అడుగుతారు. రద్దు చేసుకునే వీలున్న హోటలే తీసుకోండి. వీసా స్టిక్కర్ చేతికొచ్చిన రోజే పేరు స్పెల్లింగు, తేదీలు, ఎన్ని రోజులు ఇచ్చారో చూసుకోండి. ఆ లెక్కలో దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ కలుస్తాయి.

విమానం దగ్గర ఇంకొక జాగ్రత్త. మొదటిసారి వెళ్ళినప్పుడు మాకు సూట్‌కేసులు లేవు, చెక్-ఇన్ ఫోన్లోనే అయిపోయింది, నేరుగా గేటు దగ్గరకి వెళ్ళిపోయాం. అక్కడ ఉన్న అమ్మాయి మా బోర్డింగ్ పాసుల మీద వీసా చూసినట్టు ముద్ర లేదని పక్కన నిలబెట్టింది. ఆ ముద్ర ముందే కౌంటర్లో వేయించుకోవాలట. అందరూ ఎక్కేశాక ఎవరెవరికో ఫోన్లు చేసి చివరి నిమిషంలో మమ్మల్ని పంపారు. మా ఆయన చేతిలో పాస్‌పోర్టులు చెమటకి తడిసిపోయాయి. ఆ టెన్షన్ మీకొద్దు. లగేజీ లేకపోయినా కౌంటర్ దగ్గరకి వెళ్ళి వీసా చూపించే లోపలికి వెళ్ళండి. దిగాక కూడా మొదటిసారి ఫోటో తీసి వివరాలు నమోదు చేసుకుంటారు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వచ్చిన కొత్త పద్ధతి ఇది. లైన్లో ఆలస్యం అవుతుంది, పాపకి తినడానికేదైనా చేతి సంచిలో పెట్టుకోండి.

తినడానికి అన్నాను కదా, మాంసం, పాల పదార్థాలు మాత్రం తీసుకెళ్ళకూడదు. ఇప్పుడు ఇంగ్లండ్ నుంచి వెళ్ళినా యూరోపియన్ యూనియన్‌కి బయటి దేశం నుంచి వచ్చినట్టే లెక్క. చికెన్ పచ్చడి, పన్నీర్, పెరుగు పట్టుకుంటే తీసి పడేస్తారు. పులిహోర, అటుకులు, కారప్పొడి నిశ్చింతగా పట్టుకెళ్ళండి. ఆవకాయ చేతి సంచిలో అయితే నూనె, ముద్ద కింద లెక్కగట్టి ఆపుతారు, చిన్న సీసా పెద్ద పెట్టెలో వేసుకోండి.

ఇప్పుడు అసలు మాట చెప్తాను. ఆ ఊళ్ళో ఏం చూడాలన్న లిస్టు ఎవరైనా ఇస్తారు. ఆ ఊరు ఏ వేళకి ఏం చేస్తుందో తెలుసుకుంటే మీ నాలుగు రోజులూ హాయిగా గడుస్తాయి. లండన్, వాలెన్సియా దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, ఇక్కడ ఎప్పుడు మిట్టమధ్యాహ్నమో అక్కడా అప్పుడే. కానీ స్పెయిన్ 1940లో తన గడియారాన్ని ఒక గంట ముందుకి జరుపుకుని అలాగే ఉండిపోయింది. అందుకే మే నెలలో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండవుతుంది. వాళ్ళ భోజనం కూడా రెండు గంటలకే. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక. రాత్రి భోజనానికి ఎనిమిదికి ముందు చాలా హోటళ్ళలో పొయ్యే వెలగదు.

మొదటిసారి మేము మన అలవాటు ప్రకారం పొద్దున్నే తొమ్మిదికి బయల్దేరి, పన్నెండున్నరకి అన్నం కోసం వెతికి, మూడింటికి మండుటెండలో పాపని స్ట్రోలర్లో తోసుకుంటూ మూసేసిన షాపుల మధ్య తిరిగాం. సాయంత్రం ఆరింటికి ఊరంతా బయటికొచ్చే వేళకి మేము అలిసిపోయి రూముకి చేరాం. రెండోసారి వాళ్ళ పద్ధతిలో నడిచాం. పొద్దున కాఫీ, పదిన్నరకి మళ్ళీ ఒక చిన్న మేత. వాలెన్సియా వాళ్ళకి ఇది పట్టింపు. పొడుగాటి బ్రెడ్డు మధ్యలో ఆమ్లెట్టో ఇంకేదో పెట్టి, పక్కన వేరుశనగకాయలు, ఆలివ్ కాయలు ఇస్తారు. రెండింటికి పెద్ద భోజనం. మూడున్నర నుంచి ఆరు దాకా నిద్ర. తర్వాత సముద్రం, పార్కులు. పాపని రాత్రి పదింటిదాకా ఆడుకోనివ్వండి, అక్కడ పిల్లలందరూ ఆడుతుంటారు. పూటకి ఒక్క చోటు చాలు. మధ్యలో బార్సిలోనా కూడా చూసొద్దామని మాత్రం అనుకోకండి, రైల్లో వెళ్ళడానికే మూడు గంటలు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి మెట్రో ఉంది, 3, 5 లైన్లు నేరుగా షాతివా, కొలోన్ స్టేషన్లకి తీసుకొస్తాయి. బస ఆ చుట్టుపక్కల చూసుకోండి. పాతబస్తీ ఎల్ కార్మెన్ అందంగా ఉంటుంది కానీ రాత్రి రెండింటి దాకా వీధిలో మాటలు వినిపిస్తాయి, చిన్నపిల్లతో కష్టం. హోటల్లో పాస్‌పోర్టులు తీసుకుని వివరాలు రాసుకుంటే కంగారు పడకండి, అక్కడి చట్టమే అది. కార్డు మెషీన్ పౌండ్లా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి, పౌండ్లు అంటే వాళ్ళ రేటు వేసుకుంటారు.

పాప కోసం తూరియా తోట. ఒకప్పుడు ఊరి మధ్య నది పారేది. 1957 అక్టోబర్‌లో వరద ఊరిని ముంచెత్తింది. ఆ తర్వాత నదిని ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్ళించారు. ఖాళీ అయిన నదీగర్భంలో హైవే వేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు, పోరాడి తోట చేయించుకున్నారు. ఇప్పుడు దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవున చెట్లు, సైకిల్ దారులు. అందులో గలివర్ పార్కు ఉంది. నేల మీద పడుకున్న రాక్షసుడంత గలివర్ బొమ్మ మీదికి పిల్లలు తాళ్ళు పట్టుకుని ఎక్కి, జారి దిగుతారు. డబ్బు కట్టక్కర్లేదు. మా పిల్ల అక్కడ నుంచి రానంది. తోట చివర ఆర్కిటెక్ట్ కాలత్రావా కట్టిన తెల్లటి సైన్స్ సిటీ, అక్కడే పెద్ద అక్వేరియం ఉన్నాయి. అక్వేరియానికి ఒక పూట, పొద్దున్నే.

ఆ వరద సంగతి ఎందుకు చెప్పానంటే, 2024 అక్టోబర్ 29న మళ్ళీ అలాంటి విపత్తే వచ్చింది. ఆ ప్రాంతంలో 220 మందికి పైగా చనిపోయారు. మళ్ళించిన నది వల్ల నగరం నడిబొడ్డు తప్పించుకుంది, దక్షిణాన ఉన్న ఊళ్ళు మునిగిపోయాయి. శరదృతువులో అక్కడ ఒక్కరోజులో కుండపోత పడుతుంది. అందుకే దసరా, దీపావళి సెలవుల్లో వెళ్దామనేవాళ్ళకి నేను వాతావరణ హెచ్చరికలు రోజూ చూసుకోమని చెప్తాను. మే నెల మీకు అన్ని విధాలా మంచిది.

సెంట్రల్ మార్కెట్‌కి పొద్దుటిపూటే వెళ్ళండి, మధ్యాహ్నానికి మూసేస్తారు, ఆదివారం సెలవు. ఎదురుగానే పాత పట్టు వర్తకుల భవనం లా లోన్హా, మెలితిరిగిన స్తంభాలతో ఉంటుంది. అరగంట చాలు.

మామయ్యగారు ఎప్పుడు వెళ్ళినా ఆయన తిండి గురించి ఇది గుర్తుపెట్టుకోండి. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ అలా చెప్పినా సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు. "సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి. తోర్తీయా అంటే బంగాళదుంపల మందపాటి ఆమ్లెట్టు, గుడ్డు తినేవాళ్ళకే. కూరగాయల పాయెల్లా అన్నా ఉడికించిన నీళ్ళు మాంసం రసమేమో అడగండి. ఆయనకి తప్పకుండా నచ్చేది ఓర్చాతా. చూఫా అనే చిన్న దుంపని నానబెట్టి రుబ్బి తీసిన పాలు, చల్లగా, తియ్యగా ఉంటాయి. పక్క ఊరు అల్బొరాయా దానికి పేరు పడింది.

మీరు మాంసం తినేవాళ్ళయితే పాయెల్లా మధ్యాహ్నమే తినండి. దాన్ని రాత్రి తినేది మనలాంటి వచ్చిపోయేవాళ్ళే. ఒక రోజు ఊరికి దక్షిణాన అల్బుఫెరా సరస్సుకి వెళ్ళండి, బస్సులుంటాయి. మనకి కొల్లేరు ఎలాగో వాళ్ళకి అది అలాగ. చుట్టూ వరిచేలు, మేలో విత్తి సెప్టెంబర్లో కోస్తారు. ఎల్ పాల్మార్ ఊళ్ళో భోజనం, సాయంత్రం పడవ. పాయెల్లా అంటే అసలు ఆ వెడల్పాటి పెనం పేరే. కోడి, కుందేలు మాంసం, గరోఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు వేసి, బియ్యం పోశాక ఇక గరిటె పెట్టరు. అన్నం పెనం మీద వేలెడు మందం కూడా ఉండదు. అడుగున ఎర్రగా పట్టిన పొరని సొకర్రాత్ అంటారు. మా అమ్మ చెంచాతో అంచు గీకి, నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి "ఇది మన మాడేనే" అంది. ఇంట్లో అడుగు మాడిందని ఎవరికీ వడ్డించకుండా తనే తినేది. అక్కడ దాని కోసం పక్క టేబులు వాళ్ళు పెనం తమ వైపు తిప్పుకుంటున్నారు. ఆ రోజు ఆ చెక్కంతా అమ్మకే వదిలేశాం.

ఇంకొక్కటి. మీ నాలుగు రోజుల్లో ఒక గురువారం ఉండేలా చూసుకోండి. కెథడ్రల్ పక్క వాకిలి ముందు, గురువారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకి, నీళ్ళ కోర్టు కూర్చుంటుంది. ఎనిమిది కాలువలకి ఎనిమిది మంది రైతులు, నల్లటి చొక్కాలు తొడుక్కుని గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటారు. ఒకాయన ఒక్కొక్క కాలువ పేరు గట్టిగా పిలిచి, ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్ళని రమ్మంటాడు. వంతు తప్పి నీళ్ళు పెట్టుకున్నా, కాలువ బాగుచేయకపోయినా అక్కడే వాదన, అక్కడే తీర్పు. లాయర్లు లేరు, వాదనంతా నోటిమాటతోనే. ఈ ఒడ్డు వాళ్ళ మీద ఫిర్యాదు వస్తే తీర్పు చెప్పేది ఆ ఒడ్డు వాళ్ళు. అరబ్బుల కాలం నుంచి వస్తున్న పద్ధతి, 2009లో యునెస్కో గుర్తించింది. మాది భీమవరం దగ్గర శివారు పొలం. వంతు నీళ్ళు మా బోదెలోకి వచ్చేలోపే పైవాళ్ళు తూము ఎత్తేస్తే, నాన్న రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చునేవాడు. ఆ కుర్చీల ముందు నిలబడి నాకు ఆయనే గుర్తొచ్చాడు, కళ్ళు తుడుచుకున్నాను.

పన్నెండుకి పది నిమిషాల ముందే వెళ్ళి, పాపని భుజాల మీద ఎత్తుకుని ముందు వరసలో నిలబడండి. ఆ వారం ఫిర్యాదులేమీ లేకపోతే ఎనిమిది పేర్లూ పిలిచి రెండు మూడు నిమిషాల్లో లేచి వెళ్ళిపోతారు.