ఆరోహణ పండుగను ఆచరించే విషయమై మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ప్రభువునందు ఆశీర్వాదములు.

క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు ఉన్నంత సందడి, తిరిగి లేచిన యేసు ప్రభువు పరలోకానికి ఆరోహణమైన సంగతిని తలచుకునే ఆరోహణ పండుగకు లేదనీ, మండుటెండల్లో ఆఫీసు ఉన్న రోజున వచ్చే ఈ పండుగను ఎలా ఆచరించాలో తెలియడం లేదనీ రాశావు. ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే నలభయ్యో రోజు కనుక ఇది ఎప్పుడూ గురువారమే వస్తుంది. కొన్ని సంఘాలు తరువాతి ఆదివారం జరుపుకుంటాయి, అందులో తప్పేమీ లేదు. నన్నడిగితే మాత్రం ఇది పనిరోజున రావడమే బాగుంది.

ఆ ఉదయం బయలుదేరే ముందు లూకా సువార్త 24వ అధ్యాయంలోని చివరి నాలుగు వచనాలు నిదానంగా చదువు. బేతనియ దగ్గర ప్రభువు చేతులెత్తి శిష్యులను ఆశీర్వదిస్తూ ఉండగానే పరలోకానికి కొనిపోబడ్డాడని అక్కడ ఉంది. అవి అదే అధ్యాయంలో కొద్ది వచనాల ముందు, భయపడిన శిష్యులకు ఆయన చాచి చూపిన చేతులే. సిలువ పొందిన దేహంతోనే ఆయన తండ్రి కుడిపార్శ్వాన కూర్చున్నాడని మనం విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం గబగబా చెప్పేసి ముందుకు పోతుంటాం. పైఅధికారి నలుగురిలో మందలించిన రోజునో, ప్రార్థనకు కూర్చుంటే మాట పెగలని రాత్రో, మన బలహీనతలను ఎరిగిన ప్రధాన యాజకుడు మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడన్న హెబ్రీ పత్రిక బోధను గుర్తుచేసుకుంటే, ఆ మాట ఎంత ఆసరాయో నీకే తెలుస్తుంది.

తరువాత అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం పూర్తిగా చదువు. రాజ్యం ఎప్పుడు వస్తుందని అడిగిన శిష్యులకు, కాలాలను తెలుసుకోవడం మీ పని కాదని ప్రభువు చెప్పాడు. (యుగాంతపు లెక్కలు వాట్సాప్‌లో పంపేవారు ఈ ఏడవ వచనం దగ్గర కాసేపు ఆగితే బాగుండును.) ఆకాశం వైపు చూస్తూ నిలబడిన వారిని ఇద్దరు దూతలు ప్రశ్నించగా, వారు యెరూషలేముకు తిరిగి వచ్చి, మేడగదిలో స్త్రీలతోను, ప్రభువు తల్లియైన మరియతోను కలిసి ఎడతెగక ప్రార్థించారు; ఆ దినాల్లోనే, సుమారు 120 మంది కూడినప్పుడు, ప్రభువును అప్పగించిన యూదా అపొస్తలులలో విడిచిన స్థానానికి ఇద్దరిని నిలబెట్టి, చీట్లు వేసి మత్తీయను ఎన్నుకున్నారు. సంఘ కమిటీ మినిట్స్ పుస్తకంలా ఉండే ఆ భాగాన్ని చాలామంది దాటేస్తారు గానీ నాకు అది ఎంతో ఇష్టం.

కాబట్టి ఆ శిష్యుల్లాగే నీవు కూడా, ఆ గురువారం నుండి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ వరకు ఉన్న పది రోజులు ఒకే వేళకు, ఒకే విషయమై ప్రార్థించు. మీ సంఘంలో కనిపెట్టు ప్రార్థనలు (పరిశుద్ధాత్మ కోసం ఎదురుచూస్తూ చేసే ప్రార్థనలు) ఉంటే వాటికి వెళ్లు. సండే స్కూలులో టీచరు లేని తరగతి గానీ, ఎవరూ పలకరించని వృద్ధురాలు గానీ నీ కంట పడితే, పాస్టరుగారు అడిగేదాకా ఆగకుండా ఆ బాధ్యత నీవే తీసుకో. సాయంత్రం ఆరాధనకు అందుకోలేకపోతే ఇంట్లోనే, దేవుడు ఆరోహణమయ్యాడని పాడే 47వ కీర్తన పైకి చదువుకో.

అమ్మకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ